అవతలి తాడు

మా పల్లంరాజు మావయ్యకి ఒంటరిగా పాడటం రాదు. ఈ ముక్క ముందే తెలిస్తే మా బ్యాండు మొదటి పాట కోసం ఒక పూటంతా స్టూడియోలో అలా తగలేసేవాళ్ళం కాదు.

మాది నరసాపురం బ్యాండు, పేరు ఉప్పుగాలి. యుగంధర్ డ్రమ్స్, హారతి గిటార్, నేను బేస్. రెగ్గే వాయిస్తామంటే "అదేం జబ్బమ్మా?" అని అడిగినవాళ్ళున్నారు. మావయ్య మాత్రం ఒక్కసారి విని, "తాళం మీద కాకుండా సందులో పడతంది దెబ్బ. ఇది మా తాడు లాగుడేగదే!" అన్నాడు. నిజమే. మొగల్తూరు దగ్గర మా ఊరి సముద్రపు ఒడ్డున అలివి వల లాగేవారు. వలకి రెండు కొసలా రెండు తాళ్ళు, తాడుకో గుంపు. ఇవతలి తాడు పట్టుకుని మావయ్య "వలెవరిది?" అని కేకేస్తే, అవతలి తాడు దగ్గర్నుంచి వెంకటరమణ బాబాయ్ "మనదే, లాగు!" అనేవాడు. అప్పుడు అందరి మడమలూ ఒక్కసారే ఇసకలో దిగబడేవి. జవాబు రాకపోతే తాడు కదిలేది కాదు.

మా పాట రొయ్యల చెరువుల మురుగు మీద. ఆ నీళ్ళు కాలవలోకి వదిలాక చేపలు తెల్లగా తేలాయి, ఒడ్డుకొచ్చే చేప కూడా తగ్గిపోయింది, అలివి వల పాకలో మూలపడింది. అందుకే పాటలో "వలెవరిది"ని "నీరెవరిది" చేశాం. జవాబు మార్చే పనే లేకపోయింది.

స్టూడియోలో మావయ్య "నీరెవరిది?" అన్నాడు. అని ఆగిపోయాడు. చెవులకి హెడ్‌ఫోన్స్, చూపు తలుపు వైపు. రెండో కేక వెయ్యడే!

"జవాబు తర్వాత కలుపుతాం మావయ్యా, నువ్వు కానియ్యి," అన్నాను.

"అది రాకుండా ఎలా కానిత్తానే? అవతల తాడు వదిలేసినట్టుంటది."

పోనీలే అని యుగంధర్ జవాబు అందించాడు. మావయ్య జాలిగా చూసి, "ఈ అబ్బాయి చేతులు తాడెప్పుడూ పట్టలేదమ్మా," అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆయనకి కావలసింది వెంకటరమణ బాబాయ్ గొంతు. అది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. వల మూలపడ్డాక బాబాయ్ ఆ చెరువుల దగ్గరే కాపలాకి కుదిరాడు. ఖాకీ చొక్కా తొడిగిన రోజు నుంచి మావయ్య అతనితో మాట మానేశాడు. మానేసి ఊరుకున్నాడా? సాయంత్రమైతే కాలవ గట్టు మీద కూర్చుని, అవతలి గట్టున కాపలా పాక వైపే చూస్తాడు. ఏంటి మావయ్యా అంటే, "గాలికి కూచున్నా" అంటాడు. గాలి వచ్చేదేమో సముద్రం వైపు నుంచి!

చివరికి ఆయన మొండిపట్టే నెగ్గింది. ప్రతి కేక తర్వాతా జవాబు పట్టేంత చోటు ఖాళీగా వదిలేశాం. డ్రమ్స్, బేస్ నడుస్తుంటాయి, గొంతు ఉండదు. పాట విడుదలైంది. "మధ్యమధ్యలో సౌండ్ పోయింది, చూసుకోండి" అని కామెంట్లు పెట్టారు. ఆ ఖాళీల్లో కోరస్ నింపి మళ్ళీ పెడదామన్నాడు యుగంధర్. ఫోన్లో చెబితే మావయ్య ససేమిరా అన్నాడు. నచ్చజెప్పడానికి ఊరెళ్ళాను.

బస్సు దిగి, అడ్డదారిన చెరువుల గట్టు మీదుగా నడుస్తుంటే కాపలా పాకలోంచి నా బేస్ వినిపించింది. బాబాయ్ మేత బస్తా మీద ఫోను పెట్టుకుని, అటు తిరిగి నిలబడి ఉన్నాడు.

"నీరెవరిది?" అంది ఫోన్లో మావయ్య గొంతు.

"మనదే, లాగు," అన్నాడు బాబాయ్, పక్క చెరువు వాళ్ళకి వినపడనంత మెల్లగా. రెండు పిడికిళ్ళూ పొట్ట దాకా వచ్చాయి. రెండోసారీ అంతే. మూడో కేకకి మాత్రం కొంచెం ఆలస్యంగా అందుకున్నాడు.

నన్ను చూసి గబుక్కున ఫోను ఆపేశాడు.

"మీ మావయ్యకి చెప్పకమ్మా అశ్వినీ. తెలిత్తే ఆగడు, గట్టు దాటి వచ్చేత్తాడు. ఈ పాట పాడినోడితో నన్ను ఇక్కడోళ్ళు చూత్తే నా పని పోద్ది. పిల్లదాని చదువు సగంలో ఉంది."

"చెప్పను బాబాయ్."

"ఆడి గొంతు అలాగే ఉందమ్మా," అన్నాడు నేలచూపులు చూస్తూ.

కాలవ మీద వంతెన దాటేసరికి మావయ్య ఇవతలి గట్టు మీద కూర్చునే ఉన్నాడు.

"అటునుంచి వత్తన్నావ్. మన పాట విన్నాడంటావా?"

"విన్నాడు."

"అందుకున్నాడా?"

మాటిచ్చి వంతెన దాటానో లేదో! లేదని చెప్పేద్దామనే అనుకున్నాను. ఆ మొహం చూశాక నావల్ల కాలేదు.

"మూడో కేకకి కొంచెం ఆలస్యం చేశాడు," అన్నాను.

"ఆలస్యం కాదే పిచ్చిదానా! మూడోసారికి కాలు మారుత్తాడు. ఎడంకాలు ముందుకేసిగానీ అనడు." చెబుతూ చెబుతూనే ఏడ్చేశాడు.

లేవబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. "వెళ్ళకు మావయ్యా. పని పోతుందంటున్నాడు."

కాసేపు అవతలి గట్టు వైపు చూసి, మళ్ళీ కూర్చున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఎల్లన్లే," అన్నాడు. "మీరు మాత్రం ఆ ఖాళీలు నింపేయకండే. ఇంకెక్కడ అందుకుంటాడు వాడు?"