ట్రేడ్ గడిలో మూతపడ్డ సైకిల్ కొట్టు

ఇంట్లో అందరూ ఆమెను విప్పుడమ్మ అనేవారు. చేతికి స్క్రూడ్రైవర్ దొరికితే చాలు, గడియారం, ఫ్యాను, కుట్టుమిషను, ఏదీ ఆమె ముందు ఒంటి మీద మరలతో మిగిలేది కాదు. ఒకసారి పక్కింటాయన మాట మధ్యలో తుమ్మాడట. కళ్ళు తెరిచేసరికి ఆయన కళ్ళజోడు నాలుగు ముక్కలై బల్ల మీద వరసగా ఉందట. ఇది కాస్త అబద్ధమే అనుకోండి. మళ్ళీ బిగించాక ఆయనకు మునుపటికంటే బాగా కనిపించిందన్నది మాత్రం నిజం.

జీతమిస్తూ పని నేర్పే అప్రెంటిస్ చోట్లు ఉంటాయని పేపర్లో చదివి, విప్పుడమ్మ ఫారం నింపి పంపింది. తిరిగొచ్చింది. మళ్ళీ పంపింది. మళ్ళీ తిరిగొచ్చింది. రెండుసార్లూ 'ట్రేడ్' అన్న గడి చుట్టూ ఎర్ర సున్నా. మర్నాడే ఆఖరి తేదీ. వచ్చే ఏడాదికి ఆమె వయసు హద్దు దాటిపోతుంది.

"నీ ఫారానికి మనిల్లంటే మోజు. వదిలిపెట్టట్లేదు," అంది వదిన. అలా దెప్పిన వదినే పొద్దున్నే క్యారియర్ కట్టిచ్చి, అప్రెంటిస్ సమాచార కేంద్రానికి వెళ్ళి అడిగిరమ్మని ఆమెను తరిమింది.

కేంద్రం మూడో అంతస్తులో ఉంది. కింద లిఫ్టు తలుపుకు 'పనిచేయదు' అని అట్టముక్క వేలాడుతోంది. దాన్ని తగిలించిన ప్యూను రిటైరై, మనవల పెళ్ళిళ్ళు కూడా చేశాడని చెప్పుకుంటారు. విప్పుడమ్మ తలుపు సందుకు కన్ను ఆనించి పావుగంట లోపలికి చూసి, అప్పుడు మెట్లెక్కింది.

పైన కిటికీ పక్కన, రెండు మోకాళ్ళకూ పట్టీలు కట్టుకున్న పెద్దావిడ కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళకు దారి చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఆవిడ రెండు ఫారాలూ తీసుకుని చదివింది. మొదటిదాంట్లో ట్రేడ్ దగ్గర 'లేదు' అని ఉంది. రెండోదాంట్లో, వివరం చాలలేదేమోనని, 'నాన్నగారికి సైకిల్ కొట్టు ఉండేది, మూసేశాం' అని ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. ఏడుపు కాదు, నవ్వు.

"ట్రేడ్ అంటే వ్యాపారం కాదు తల్లీ. నువ్వు నేర్చుకోబోయే పని. ఫిట్టరో, వెల్డరో, అదీ."

విప్పుడమ్మ ముఖం కందగడ్డయింది. "ఇది తెలీక రెండు నెలలు పోయాయా మేడమ్?"

"నీ తప్పేం లేదులే. పోయినవారం ఒకాయన 'ఉల్లిపాయలు' అని రాశాడు."

ఏ పని ఇష్టమని అడిగితే ఆమె తడుముకోలేదు. కింది లిఫ్టు సంగతే చెప్పింది. వైర్లు బాగానే ఉన్నాయి, తలుపు జరిగే గాడిలో దుమ్ము గడ్డకట్టింది, తలుపు పూర్తిగా మూసుకోనిదే లిఫ్టు కదలదు. ఆవిడ మారుమాట లేకుండా లిఫ్టు మెకానిక్కులకు పని నేర్పే చోట్ల జాబితా తీసింది. ఎన్నేళ్ళు నేర్పుతారు, నెలకెంత ఇస్తారు, బూట్లెవరిస్తారు, మధ్యలో ఇబ్బందొస్తే ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ పాత క్యాలెండర్ కాగితం వెనక రాసిచ్చింది. తన అన్నం డబ్బా మూతైనా తీయకుండా మూడు చోట్లకు ఫోన్ చేసింది. మూడో చోట మేస్త్రీ ఒప్పుకున్నాడు.

అప్పటికి కింద ఫారాలు తీసుకునే కౌంటరు మూసే వేళయింది. ఆఖరి రోజు ఇచ్చే ఫారం మీద ఆవిడ స్వయంగా అక్కడికెళ్ళి సంతకం చేయాలట. విప్పుడమ్మ ఆ మోకాళ్ళ వంక చూస్తూ నిలబడిపోయింది.

"చూస్తూ నిలబడతావా, భుజమిస్తావా?" అంది ఆవిడ.

అరవై మెట్లు. ప్రతి మలుపులోనూ ఆగి ఊపిరి తీసుకున్నారు. గుమాస్తా షట్టరు సగం దించేశాడు. ఆవిడ దాని కిందనుంచి ఫారాన్నీ, తన చేతినీ కలిపి లోపలికి తోసింది. ట్రేడ్ గడిలో ఈసారి 'లిఫ్టు మెకానిక్' అని ఉంది.

ఎనిమిది నెలల తర్వాత, విప్పుడమ్మ బతిమాలగా బతిమాలగా, మేస్త్రీ ఆ కార్యాలయం లిఫ్టు పని ఒప్పుకున్నాడు. గాడి సంగతి ఆమె చెప్పినట్టే ఉంది. బాగానే ఉన్నాయన్న వైర్లు మాత్రం ఎలుకలు కొరికేశాయి, రెండు రోజులు పట్టింది. అట్టముక్క తీసేసి, విప్పుడమ్మ లిఫ్టులో పైకెళ్ళి ఆవిడను చెయ్యి పట్టుకుని ఎక్కించింది.

చెప్పాలని ఎనిమిది నెలలుగా దాచుకున్న మాటలన్నీ గొంతుదాకా వచ్చాయి. ఆరోజు భుజం మీద పడిన ఆ చేతి బరువు ఇంకా అలాగే ఉందని చెప్పాలి. ఇంతలోనే మూడంతస్తులూ దిగడం అయిపోయి తలుపు తెరుచుకుంది.

"మేడమ్, ఇంకోసారి పైకెళ్దామా? నేను చెప్పాల్సింది చెప్పనేలేదు."

ఆవిడ బయట పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకుని, తనే మూడో నంబరు నొక్కింది.