జెస్సీ పాలు తాగేదాకా చెట్టు చాటున

నిన్న నేనెక్కడున్నానో చెప్తే నమ్మరు. హుకుంపేట దగ్గర ఓ కాఫీ తోటలో, సిల్వర్ ఓక్ చెట్టు వెనకాల, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. యాభై ఏళ్ల మనిషిని, అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌ని, ఎం.ఏ. చదివినదాన్ని! ఎవరికి భయపడి? ఐదు నెలల గుంటకి.

ఆ గుంట పేరు జెస్సీ. పొద్దున్న బరువు తూచాను. పోయిన నెల ముల్లు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే ఆగింది. వాళ్లమ్మ చిలకమ్మ మొహం చిన్నబోయింది.

"పాలున్నాయి మేడమ్. ఇదే తాగదు. రెండు గుటకలేత్తాది, ఇంక అటూ ఇటూ సూత్తాది."

నాయనమ్మ బుద్రమ్మ అప్పటికే ఒక నిర్ణయానికొచ్చేసింది. "రేపు సంత. డబ్బా పాలు తెచ్చేత్తాం."

"డబ్బా వద్దు, ఏమీ వద్దు. ఇవాళ నా ఎదురుగానే తాగుతుంది, చూడండి," అన్నాను. అనేశాను కదా! ఇక తాగించకుండా ఆటో ఎక్కితే రేపట్నించి నా మాట ఆ ఊళ్లో ఎవరు వింటారు?

చిలకమ్మ గోడకి ఆనుకుని కూర్చుని పాలు పట్టింది. జెస్సీ రెండు గుటకలు వేసి, వదిలేసి తల తిప్పింది. కోడిపిల్ల! దాన్ని తల్లితో, మిగతా పిల్లలతో సహా అక్కడే గంప కింద మూయించాను. మళ్లీ రెండు గుటకలు. ఈసారి ఎక్కడో ఫోన్ మోగింది. స్విచ్ ఆఫ్ చేయించాను. మళ్లీ రెండు. గుమ్మంలో పక్కింటి పిల్లలు వరసగా నిలబడి చూస్తున్నారు. తలుపేసేశాను.

ఇల్లంతా చీకటి. ఇంకేం చూస్తుంది? చూసింది. నన్నే! తల వెనక్కి వాల్చి మరీ.

నాకు కోపం రాలేదు, ఆసక్తి పుట్టింది. ఏం కనిపిస్తోంది దీనికి నాలో? మెరుస్తోందేమోనని కళ్లజోడు తీశాను. మెళ్లో ఐడీ కార్డు లోపలికి తోశాను. గాజులు చప్పుడు కాకుండా పైకి లాక్కున్నాను. అయినా కళ్లు తిప్పదే! సరే, దానికి కనపడకుండా అవతలికి పోదామని లేచాను. చీకటి, పైగా కళ్లజోడు లేదు. కాలు సరాసరి గంప మీద!

కోడి ఎగిరి నా భుజమెక్కింది. కోడిపిల్లలు చిలకమ్మ ఒళ్లోకి. నా అరుపుకి ఇరుగూ పొరుగూ తలుపు తోసుకుని లోపలికొచ్చేశారు. జెస్సీ పాల సంగతే మర్చిపోయి, చేతులూపుతూ పకపకా నవ్వింది.

బుద్రమ్మ నా మీంచి కోడిని తీస్తూ, "ఏటి సేత్తన్నావు మేడమ్మా?" అంది.

నేను చీరకంటిన ఈకలు దులుపుకున్నాను. అప్పుడు చిలకమ్మ నెమ్మదిగా, "తోటలో బాగానే తాగేది మేడమ్. గుడ్డతో ఒంటికి కట్టీసుకుని నేను పళ్లు కోత్తంటే, ఇది తాగీసేది," అంది.

"మరి తోటకి తీసుకెళ్లడం ఎందుకు మానేశావు?"

చిలకమ్మ నేల చూపులు చూసింది. బుద్రమ్మ మాత్రం నా మొహంలోకే చూసింది. "పోయిన నెల నువ్వే కదా మానిపించావు! ఎండ, పురుగు అన్నావు. ఇంట్లో కూకుని పట్టమన్నావు."

అన్నాను. బొమ్మల చార్టు చూపించి మరీ అన్నాను.

"పదండి తోటకి," అని లేచాను. చిలకమ్మ పాపని గుడ్డతో పక్కకి కట్టుకుంది. తోటలో నీడ, చల్లదనం, ఎటు చూసినా ఆకులే. తను కొమ్మ వంచి ఎర్రటి కాఫీ పళ్లు కోసి బుట్టలో వేస్తూ నెమ్మదిగా నడుస్తోంది. ఆ ఊపుకి పాప తాగడం మొదలుపెట్టింది. రెండు గుటకలు, నాలుగు, పది! అసలెలా తాగుతోందో చూద్దామని మెల్లగా వంగాను. గుడ్డలోంచి ఒక కన్ను బయటికొచ్చింది. నన్ను గుర్తుపట్టింది. కోడి భుజమెక్కిన మనిషి! తాగడం ఆపేసి మళ్లీ నవ్వు.

"నువ్వు ఆ సెట్టెనక్కి ఎల్లు మేడమ్మా, బేగి!" బుద్రమ్మ ఆర్డర్.

వెళ్లాను. ఆ చెట్టుకి మిరియాల తీగ, ఆ తీగలో ఎర్రచీమలు ఉన్నాయని ముందు నా మెడకి తెలిసింది, తర్వాత నాకు. అరిస్తే పాప తల తిప్పుతుంది. తిప్పితే రేపు డబ్బానే! నోట్లో కొంగు కుక్కుకుని, ఒక్కొక్క చీమనీ నలుపుతూ అవతలి గుటకలు లెక్కపెట్టాను. డెబ్భై దాటాక లెక్క తప్పింది. కాసేపటికి చప్పుడే లేదు. తొంగి చూడాలని ప్రాణం లాగుతోంది, కానీ ధైర్యం చాల్లేదు.

"ఇంక రా మేడమ్మా. తాగీసి తొంగుంది," అని పిలిచింది చివరికి బుద్రమ్మ. నా మెడ చూసి, "రేపు సంతలో డబ్బా కొనను గానీ, నీకేదైనా మందు కొంటాన్లే," అంది.

సాయంత్రం రిజిస్టర్ తీశాను. వచ్చే వారం మళ్లీ తూచాలని రాసుకున్నాను. 'బరువు పెరగకపోవడానికి కారణం' అని ఒక గడి ఉంది. కాసేపు ఆలోచించి, 'పోయిన నెల ఇచ్చిన తప్పుడు సలహా' అని నింపాను. ఆ పక్క గడిలో 'తీసుకున్న చర్య' అని ఉంది.

'సలహా ఇచ్చినవారిని చెట్టు వెనక్కి పంపడమైనది' అని రాసి, మెడ గోక్కుంటూ కింద సంతకం పెట్టాను.