రందా మిషన్ నాలుగో కాలు

2024వ సంవత్సరం. మూఢం పోయి శ్రావణం వచ్చింది. నెలల తరబడి ఆగిన ఇండ్ల పనులన్నీ ఒకేసారి లేచాయి. స్థలం, జనగామలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు. ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక మహాసంగ్రామం. ఒకవైపు ఇనుము, ఒకవైపు టేకు, మధ్యలో గిర్రున తిరిగే కత్తులు, నాలుగు రోజుల గడువు, ఒక మనిషి బతుకు.

అని మొదలుపెడితే బాగుంటుంది. కానీ సంగ్రామమేమీ జరగలేదు. మొత్తం వ్యవహారంలో రక్తం కారింది మా అమ్మ కాలి బొటనవేలి నుంచే, అది కూడా రెండు చుక్కలు.

నా పేరు సంతోష్. మెకానికల్ డిప్లొమా చదివాను. హైదరాబాద్‌లో ఒక ఫ్యాక్టరీలో రెండేళ్లు వేరేవాళ్ల మిషన్లకు నట్లు బిగించాను. ఎట్లాగూ బిగించేదే కదా, మనవే బిగించుకుందామని ఇంటికొచ్చాను. అప్పటినుంచి వడ్రంగులకు మిషన్లు తయారుచేసి ఇస్తున్నాను. పాత ఇనప సామాను కొట్లో ఛానెళ్లు, అంటే గాడి ఆకారపు ఇనుప కమ్ములు, దొరుకుతాయి, మూతపడ్డ పిండి గిర్నీల్లో మోటార్లు దొరుకుతాయి. కోత, వెల్డింగు, రంగు అన్నీ షెడ్డులోనే. మా అమ్మ చుట్టాలకు చెప్పే తీరు వేరు. "అందరి కొడుకులు ఇంట్ల తుక్కు అమ్ముతరు. నావోడు కొనుక్కొస్తడు" అంటుంది.

ఈ కథలో మిషన్ పేరు సర్ఫేస్ ప్లానర్. మా దిక్కు అందరూ రందా మిషన్ అంటారు. చెక్కను చదును చేసే చేతి రందా అందరూ చూసే ఉంటారు, ఈ మిషన్ చేసేది కూడా అదే పని. రెండు ఇనుప బల్లలుంటాయి. చెక్కను తోసే వైపుది ఇన్‌ఫీడ్, చెక్క బయటికొచ్చే వైపుది ఔట్‌ఫీడ్. వాటి మధ్యలో కట్టర్ బ్లాక్ ఉంటుంది. అంటే బ్లేడ్లు బిగించిన గుండ్రటి ఇనుము, చపాతీ కర్ర అంత మందం. కిటుకంతా ఆ రెండు బల్లల్లోనే ఉంది. రెండూ ఏ మూలా ఎగుడుదిగుడు లేకుండా ఒకదానికొకటి సాపుగా ఉంటే చెక్క అద్దంలాగా వస్తుంది. ఒక్క మూల కిందికి దిగిందా, చెక్కలో మెలిక పడుతుంది. మెలిక పడ్డ చెక్కతో చేసిన దర్వాజకు తలుపు పట్టదు. పట్టినా ఒక మూల ఎప్పుడూ బయటికి తొంగి చూస్తుంటుంది.

దర్వాజ అంటే ఇంటి ముందరి తలుపుకుండే చట్రం. మా దగ్గర అది నిలబెట్టడానికి ముహూర్తం ఉంటుంది. పసుపు, కుంకుమ, మామిడాకులు, వడ్రంగికి కొత్త బట్టలు. చుట్టాలంతా నిలబడి చూస్తారు. వడ్రంగి పేరు నిలబడేదీ పోయేదీ ఆ పొద్దుననే.

జూలైలో చిట్యాల నుంచి ఒకాయన మా షెడ్డుకొచ్చాడు. పేరు బ్రహ్మచారి. వెంట భార్య సరోజన, ఇంటి దగ్గర ముగ్గురు పిల్లలు. ఆ పేరు మీద ఊళ్లో వేయాల్సిన జోకులన్నీ ముప్పై ఏళ్ల కిందటే అయిపోయాయని ఆయనే ముందుగా చెప్పాడు. నేను చారి కాక అని పిలవడం మొదలుపెట్టాను. కుడి భుజం పట్టుకుని కూర్చున్నాడు.

"దవాఖానల చెప్పిన్రు. ఇంకో ఏడాది రందా కొడితే చెయ్యి పైకి లేవదన్నరు. ఎడమ చేత్తోని బువ్వ తినుడు నేర్చుకున్న. ఎడమ చేత్తోని రందా రాదు."

"మిషన్ లేకుంటే ఏం చేద్దామనుకుంటున్నవ్ కాకా?"

"భూపాలపల్లిల వాచ్‌మన్ కొలువున్నదంట. కూసోనీకి కుర్చీ ఇస్తరంట. ఆ కుర్చీ గూడ నేను చేసిందే కావచ్చు."

సరోజన చిన్నమ్మ అతని వైపు చూడకుండానే అంది. "కుర్చీల కూసునే మనిషి కాడు పిలగా. జర మంచిగ చేసియ్యి."

మంచిగానే చేశాను. ఈ మాట సిగ్గుపడకుండా చెప్పగలను. కట్టర్ బ్లాక్‌ను డోర్నకల్‌లో లేత్ నడిపే యాకూబ్ భాయి దగ్గర పట్టించాను. లేత్ అంటే ఇనుమును తిప్పుతూ గుండ్రంగా చెక్కే మిషన్. ఛానెళ్లతో ఆరడుగుల స్టాండు, నాలుగు కాళ్లు. మా షెడ్డు నేలను మేస్త్రీ ఈశాన్యానికి వాటం ఇచ్చి పోశాడు. అమ్మ బట్టలుతికిన నీళ్లు ఆ మూలకే పోవాలి కదా. కాళ్లను ఆ వాటానికే కోసి అతికిస్తే ఒక కాలు పొట్టిదై, దాని కింద కొద్దిగా సందొచ్చింది. ఏదో ముక్క తోసి, అసలు పనిలో పడ్డాను. అసలు పనంటే డయల్ గేజ్. గడియారంలా ముల్లుండే చిన్న పరికరం, వెంట్రుక మందం తేడా కూడా చూపిస్తుంది. రెండు రోజులు దానితో కుస్తీపట్టి బల్లలను సాపు చేశాను. వేప చెక్క పెట్టి చూస్తే అద్దంలా వచ్చింది. అమ్మను పిలిచి చూపించాను. "ఇండ్ల మొఖం చూసుకోవచ్చా?" అంది. అంత నునుపు కాదన్నాను. "మరెందుకు పిలిచినవ్?" అని పోయింది.

సోమవారం మిషన్ ట్రాలీ ఆటోలో చిట్యాల చేరింది. చారి కాక కొట్టంలో నేల నున్నగా, సాపుగా ఉంది. ఆ నేల ఆయన స్వయంగా పోసుకున్నాడట.

"గోలీ పెట్టి చూడు" అని జేబులోంచి గోలీ తీశాడు. నేల మీద పెట్టాడు. అది కదల్లేదు. మనిషి జేబులో గోలీ ఎందుకుందని నేనడగలేదు, ఇట్లాంటి సందర్భం కోసమే పెట్టుకున్నాడని అర్థమైంది.

తూర్పు మొహంగా మిషన్ పెట్టించాడు. చిన్నమ్మ పసుపు రాసి, బొట్లు పెట్టింది. కొబ్బరికాయ ఔట్‌ఫీడ్ బల్ల మీద కొట్టబోతే నేను అడ్డం పడి నేల మీద కొట్టించాను. ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని అది. తర్వాత నాలుగు కాళ్లకు నేలలో బోల్టులు దించి బిగించాను. నాలుగో బోల్టు జర మొండికేసింది. బలం ఎక్కువ పట్టింది. నా దగ్గర బలం ఉంది కనుక వాడాను.

చారి కాక ఒక చిన్న చెక్క తోసి చూసి, "గిది చెక్కను రందా పడ్తదా, నన్ను పడ్తదా?" అన్నాడు. చేతులు బ్లేడ్ల మీదికి పోకుండా తోపుడు చెక్కతో ఎట్లా తోయాలో చూపించి, ధైర్యంగా జనగామ తిరిగొచ్చాను.

మంగళవారం సాయంత్రం ఫోనొచ్చింది.

"సంతోషూ, నీ మిషన్ మెలిక పెడ్తాంది."

"గట్లెందుకు పెడ్తది కాకా? డయల్ గేజ్‌తోని చూసిన."

"నా కండ్లతోని నేను చూసిన."

బుధవారం పొద్దున బైకు మీద పోయాను. అక్కడికి పోయాక గడువు సంగతి తెలిసింది. ఆ మెలిక పడ్డ చెక్క ఊళ్లో రాజేశ్వరి టీచర్‌ది. వాళ్ల చేను గట్టు మీద వాళ్ల నాయిన పెంచిన టేకు. శుక్రవారం పొద్దున దర్వాజ లేవాలి. టీచర్ అప్పటికే కొట్టం గడపలో నిలబడి ఉంది. కోపంగా లేదు, అదే ఎక్కువ భయం.

"చారీ, నువ్వైతేనే బాగుంటదని చెట్టు నీకిచ్చిన. కాకపోతే కాదని రేపటి వరకు చెప్పు. హన్మకొండల రెడీమేడ్ దర్వాజ చూసిపెట్టిన. గదే వస్తే ఇంట్ల మిగిలిన తలుపులు గూడ వాళ్లే ఏస్తరు."

"చెప్త టీచరమ్మా" అన్నాడు చారి కాక. ఆమె పోయాక నా వైపు తిరిగాడు. "చూడు."

ఏడడుగుల నిలువు చెక్కను నేల మీద పెట్టి, రెండు కొసలకు రెండు సన్న పట్టీలు అడ్డం ఉంచి, ఒక కన్ను మూసి చూశాడు. నన్నూ చూడమన్నాడు. దగ్గరి పట్టీ సాపుగా ఉంది. దూరపు పట్టీ ఒక వైపు తల వంచింది. రెండు పైసల పట్టీలు, నా డయల్ గేజ్ పరువు తీశాయి.

"ఇంకో రెండుసార్లు తోస్తే మెలిక పోతదేమో" అన్నాను.

"మెలిక పోదు, చెక్క పోతది. ఇట్లనే తోసుకుంట పోతే దర్వాజ కిటికీ అయితది."

వెతకడం మొదలుపెట్టాను. బ్లేడ్లు విప్పి మళ్లీ బిగించాను. తప్పు వాటిది కాదు. బేరింగులు, అంటే ఇరుసు తిరిగే గోళీల చుట్టలు, చేత్తో తిప్పి చూశాను. వాటిదీ కాదు. అప్పుడు నాకు తెలిసిన ఉత్తమమైన పరిశోధన పద్ధతి వాడాను, ఇంకొకరి మీద వేయడం. డోర్నకల్‌కు ఫోన్ చేశాను.

"యాకూబ్ భాయ్, నీ కట్టర్ బ్లాక్ వంకరున్నట్టున్నది."

"నా లేత్ మీద వంకర రాదు బేటా. నువ్వు బిగించినవ్ గద, అండ్ల వచ్చిందేమో" అని పెట్టేశాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజమని అప్పుడు నాకు తెలియదు.

చివరికి పొడవాటి ఇనుప స్కేలును బల్లల మీద మూల నుంచి మూలకు పెట్టి చూశాను. ఇన్‌ఫీడ్ బల్ల ఒక మూల కిందికి దిగి ఉంది. వెంట్రుకలు లెక్కపెట్టే పని లేదు, కింద నుంచి వెలుతురే కనిపిస్తోంది. గంభీరంగా లేచి, చారి కాకకు నా సిద్ధాంతం వివరించాను. వెల్డింగ్ వేడికి ఇనుములో ఒత్తిడి మిగిలిపోతుంది, ఆటోలో వచ్చేటప్పుడు కుదుపులకు ఆ ఒత్తిడి బయటపడి బల్ల వంగి ఉంటుంది, దీన్ని జనగామ తీసుకుపోయి మళ్లీ సాపు పట్టించాలి.

"ఎన్ని రోజులు?"

"వారం."

ఆయన గోడకున్న చేతి రందా తీశాడు. టేకు చెక్కను బల్లకు బిగించి, తోయడం మొదలుపెట్టాడు. మొదటి నాలుగు తోపులు ఎంత చక్కగా పోయాయంటే, పొట్టు పొడుగ్గా చుట్టలు చుట్టుకుంటూ వచ్చింది. ఆరో తోపుకు ఆగాడు. ఏడోది సగంలోనే నిలిచింది. చెయ్యి రందా మీదే ఉంది, భుజం మాత్రం వినడం లేదు. చిన్నమ్మ వచ్చి రందాను మెల్లగా ఆయన వేళ్ల నుంచి విడిపించి పక్కన పెట్టింది. "టీచరమ్మకు నేను చెప్పొస్త" అంది.

సరిగ్గా ఇట్లాంటి చోట నేపథ్యంలో సన్నాయి వినబడాలి. నా ఫోన్ మోగింది. అమ్మ.

"ఎక్కడున్నవ్‌రా?"

"పనిల ఉన్ననే అమ్మా. తర్వాత చేస్త."

"చెయ్యకు గని, ఒకటి చెప్పు. షెడ్డు మూలకు నీలం పువ్వుల టైల్ ముక్క పడున్నది. బట్టలు ఉతకవోతె బొటనవేలుకు తాకి నెత్తురొచ్చింది. పారెయ్యాల్నా? మల్ల నా సామాను ఏదంటవ్ నువ్వు."

"ఏం టైల్ ముక్క?"

"నీ మిషన్ కాలు కింద పెట్టుకున్నవ్ గదరా. మిషన్ తీస్కపోయినవ్, ముక్క ఇడిసిపెట్టినవ్."

చారి కాక, చిన్నమ్మ నా మొహం చూస్తున్నారు. నేను మిషన్ నాలుగో కాలు చూస్తున్నాను. మా షెడ్డు వంకర నేల మీద, ఒక కాలు కింద బాత్‌రూం టైల్ పెట్టి, వెంట్రుక తేడా లేకుండా బల్లలను సాపు చేసింది నేనే. ఆ ముక్కను అక్కడే వదిలి, గోలీ కూడా కదలని నేల మీదికి మిషన్ తెచ్చిందీ నేనే. గాలిలో నిలబడ్డ కాలును బోల్టు పెట్టి బలవంతంగా నేలకు లాగింది కూడా నేనే. స్టాండు మెలిక తిరిగింది, దానితో బల్ల, దానితో చెక్క.

"దగ్గరనే ఉంచు అమ్మా. వేలుకు పసుపు పెట్టుకో" అని ఫోన్ పెట్టేశాను.

పానా తీసుకుని నాలుగో బోల్టు వదులు చేశాను. కాలు తనంతట తానే టక్కుమని పైకి లేచింది. ముగ్గురం వంగి ఆ సందులోకి చూశాం.

"వెల్డింగ్ ఒత్తిడి అంటివి" అన్నాడు చారి కాక.

"అది గూడ ఉంటది కాకా."

"ఉంటది ఉంటది."

సందు కొలిస్తే ఆరు మిల్లీమీటర్లు. ఇనుప ముక్క కావాలి, చెక్కయితే నలుగుతుంది. చారి కాక గూట్లోంచి ఇంకో రందా తీసి, దాని బ్లేడును, బ్లేడు మీద కూర్చునే పట్టీని ఊడదీశాడు. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి కాలు కిందికి తోస్తే అతికినట్టు సరిపోయింది. చేతి రందా మోకరిల్లి మిషన్‌ను మోసింది అని రాయాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అది తాతల నాటి రందా కాదు. రెండేళ్ల కిందట పరకాలలో కొన్నది, మొదటినుంచీ మొద్దుదే. ఇన్నాళ్లకు ఒక పనికొచ్చిందని ఆయన సంతోషం.

బోల్టు బిగించి, స్కేలు పెట్టి చూస్తే వెలుతురు కనబడలేదు. చారి కాక చెక్క తోశాడు. పట్టీలు పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత రెండో కన్ను కూడా మూసుకుని కాసేపట్లాగే కూర్చున్నాడు. చిన్నమ్మ నిలబడే ఉంది.

"మరి టీచరమ్మకు ఏమని చెప్పాలె?"

"పసుపు నూరుకొమ్మని చెప్పు" అన్నాడు.

శుక్రవారం పొద్దున దర్వాజ లేచింది. అడిగిన మందం కన్నా పావు అంగుళం తక్కువ. ఆ పావు అంగుళం నాదని టీచర్‌కు నేనే చెప్పుకున్నాను. ఆమె దర్వాజను ఒక కొస నుంచి చూసి, "సక్కగున్నది" అంది. చారి కాక కొత్త అంగీ తొడుక్కున్నాడు. కుడి చెయ్యి ఎత్తలేక చిన్నమ్మ తొడిగింది. ఆ ఇంటి తలుపులన్నీ ఆయనే చేశాడు. వాచ్‌మన్ కుర్చీలో ఇప్పుడెవరు కూర్చున్నారో నాకు తెలియదు. చారి కాక అప్పుడప్పుడు ఫోన్ చేసి, కొత్త మిషన్ ఎవరికైనా ఇస్తున్నావా, టైల్ ముక్క కూడా ఇస్తున్నావా అని అడుగుతాడు.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటే. మిషన్ తయారైన చోటు వేరు, బతికే చోటు వేరు. తయారైన చోట నేల వంకరను కూడా మిషన్ తనతో మోసుకుపోతుంది. అందుకని బల్లలను చివరిసారి సాపు చేసేది కొనుక్కున్నవాళ్ల నేల మీదనే, బిగించిన తర్వాతనే. ఇప్పుడు నా మిషన్లన్నిటికీ కాళ్ల కింద లెవెలింగ్ బోల్టులు, అంటే తిప్పి కాలు ఎత్తు సరిచేసుకునేవి, ఉంటున్నాయి. పన్నెండు మిల్లీమీటర్ల బోల్టు, నాలుగంగుళాల పొడవు చాలు. కాలికి రెండు నట్లు, పైనొకటి కిందొకటి. పందొమ్మిది నంబరు పానా పడుతుంది.