తూకం పళ్ళెం కింద బొట్టు

పోయిన శనివారం షాంటిలీలో నాన్న ఇంటి గరాజ్ నేను ఖాళీ చేస్తుంటే ఒక అట్టపెట్టెలో ఆయన చిన్న తూకం దొరికింది. మూత తీయగానే ఇత్తడి, నూనె, ఎక్కడో పాత పసుపు కలిసిన వాసన వచ్చింది. నేను మళ్ళీ తొమ్మిదేళ్ళ పిల్లనైపోయాను, భయంతో సహా.

వారమంతా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ తప్పులు వెతికే నాన్న, శనాదివారాల్లో తన రైఫిల్‌కి తూటాలు తనే తయారు చేసుకునేవాడు. కొన్న తూటాలు బజారు మిఠాయిల్లాంటివనీ, దేని రుచి దానిదేననీ వెక్కిరించేవాడు. తూటాలు కాల్చాక మిగిలిన ఇత్తడి గొట్టాలను కడిగి ఆరబోస్తే నేను వాటిని బొమ్మల కొలువులో సైనికుల్లా నిలబెట్టేదాన్ని. వాటిలో నింపే తుపాకీమందు తూచేటప్పుడు ఫ్యాన్ వేయకూడదు, తుమ్మకూడదు, అక్టోబర్ చలికి వణుకుతున్నా హీటర్ అడగకూడదు. ముల్లు సరిగ్గా గీత మీద నిలవగానే "ఓకే నాన్నా" అనడం నా ఉద్యోగం. ఒకసారికి ఒక్కటే మార్చాలనీ, అప్పుడే తేడా ఎక్కడిదో తెలుస్తుందనీ చెబుతూ, ప్రతి మార్పూ నోట్‌బుక్‌లో రాసేవాడు.

ఆ ఏడు దసరాకి ఇల్లంతా పులిహోర పోపు ఘుమఘుమలాడుతుండగా, అమ్మ పసుపు కుంకుమల గిన్నెలు నా చేతికిచ్చింది.

"ఆయుధ పూజ కదమ్మా, నాన్న సామాన్లకి కూడా బొట్లు పెట్టిరా."

"తూకం మాత్రం టచ్ చేయకు," అన్నాడు నాన్న, స్నానానికి వెళుతూ.

అన్నిటికీ పెట్టి దానొక్కదాన్నే వదిలేస్తే పాపం అనిపించి, పళ్ళెం కింద, కనబడని చోట, తడి పసుపు దట్టంగా రాసి కుంకుమ అద్దాను. నాన్న వచ్చి, ఖాళీ పళ్ళెంతో ముల్లును గీత మీదికి సరిచేసుకుని పని మొదలుపెట్టాడు. అంతలో ఆఫీసు నుంచి ఫోన్ వస్తే లోపలికి వెళ్ళాడు. చూస్తే తిడతాడని భయపడి ఆ బొట్టును నా పరికిణీతో తుడిచేశాను. తేలికైన పళ్ళెం పైకి లేచింది, ముల్లు గీత నుంచి పక్కకు జరిగింది. నేను చూశాను. నాన్న తిరిగొచ్చి ముల్లు గీత మీదికి వచ్చేదాకా, పోయిన బొట్టు బరువుకు కూడా మందే పోస్తూ పోయాడు. ప్రతిసారీ నేను "ఓకే నాన్నా" అంటూనే ఉన్నాను.

మర్నాడు తుపాకీలు కాల్చే రేంజ్‌లో, చెవులకు మఫ్స్ పెట్టుకుని నాన్న వెనక బెంచీ మీద కూర్చున్నాను. మొదటి పెట్టెలోని తూటాలు కాగితం మీద దగ్గర దగ్గరగా పడ్డాయి. ఫోన్ తర్వాత నింపిన రెండో పెట్టె తెరిచాడు. నేను మఫ్స్‌ని రెండు చేతులతో గట్టిగా అదుముకున్నాను. రైఫిల్ ఎన్నడూ లేనంత గట్టిగా పేలింది. నాన్న చెంప ఆనించిన చోటుకు బెత్తెడు దూరంలో ఉన్న, తూటా పెట్టి మూసే బోల్ట్ బిగుసుకుపోయింది, అరచేత్తో ఎంత కొట్టినా రాలేదు. చివరికి ఊడొచ్చిన గొట్టం అడుగు చదునైపోవడం చూసి ఆయన ముఖం పాలిపోయింది. మిగిలినవి కాల్చలేదు. ఇంటికొచ్చి, ఎప్పటిలాగే ముల్లు సరిచేసుకుని, అన్నీ విప్పి తూచాడు; రెండో పెట్టెలో ప్రతిదాంట్లో మందు ఎక్కువగా ఉంది.

"నా కళ్ళు పోతున్నాయేమో," అన్నాడు అమ్మతో. ఆ తర్వాత తూటాలు చేయలేదు.

ఇప్పుడు ఆయన తూటాలు చేసిన ఆ బల్ల లేదు, ఇత్తడి సైనికులు లేరు, రైఫిల్ ఎప్పుడో అమ్మేశాడు. పెట్టెలో తూకం కింద నోట్‌బుక్ ఉంది. చివరి పేజీలో మందు, చలి, తూకం, తన కళ్ళు, ఫోన్ కాల్, అనుమానించిన ప్రతిదీ వరసగా రాసి కొట్టేసి, అడుగున "కారణం దొరకలేదు" అని రాసుకున్నాడు.

రెండుసార్లు చదివాను. ఆ వరసలో నా పేరు లేదు.