కొండ చెరువు దారిలో యాదమ్మ కావలి

దగ్గరికి జరిగి కూర్చోండి, మా పక్కింటి యాదమ్మ నన్ను ఎంత సతాయించిందో చెబుతాను. ఎండాకాలంలో హిమాచల్ కొండల మీది చెరువు చూసి రావాలని మెదక్‌లో నెల రోజులు ప్లాన్ వేసుకున్నాం. వీపున ఒక్క చిన్న సంచి చాలని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఆమె సకినాలు, మామిడికాయ తొక్కు, సోలెడు బియ్యం కూడా మోసుకొచ్చింది.

సగం కొండకే ఆమెకు ఆయాసం. మాకు దారి చూపే, ఆ కొండల్లోనే పుట్టిన పహాడీ ఆమె హిందీలో, "సంచి ఈ బండ పక్కన పెట్టమ్మా. మేమంతా బరువు ఇట్లాగే దించి పోతాం, ఎవరూ ముట్టరు" అంది.

"నడి తొవ్వల సామాను ఇడిసిపెడ్తరా ఎవరన్న? నువ్వు చూసి రాపోయే, నేను కావలుంట" అని యాదమ్మ అక్కడే కూలబడింది. అంత దూరం వచ్చి! ఎంత బతిమాలినా లేవలేదు.

నేను చెరువు చూసి వచ్చేసరికి ఆమె చుట్టూ ఇంకో ఆరు సంచులున్నాయి. తర్వాత ఎక్కినవాళ్లంతా అక్కడే దించి పోయారట.

"ఇగ లే, దిగుదాం" అన్నాను.

"గట్లెట్ల వస్తనే? గీళ్ల సామాను ఎవరు చూస్తరు?"

పహాడీ ఆమె తల కొట్టుకుంది. ఆఖరి సంచి వాళ్లు దిగేదాకా ముగ్గురం కూర్చున్నాం.

మీ ఇంటికి యాదమ్మంత కావలి, మీకు నాకంటే ఎక్కువ ఓపిక కలగాలి.