రైలు ఆపిన మనిషి, నేను పెట్టిన పులి

మా వీధిలో ఉండిన ముసలి విలేకరి చనిపోతూ, తిరుపతిలోని తన ఇంటిని విశ్వవిద్యాలయానికి రాసిచ్చాడు. ఆ ఇంటి అద్దెతో ఏటా ఒక విద్యార్థి ఒక జీవిత చరిత్ర రాయాలి. గొప్పవాళ్లది కాదు, చచ్చిపోతే పేపర్లో ఒక్క ముక్క కూడా పడని మనిషిది. ఎనభైల మొదట్లో ఆ ఉపకారవేతనం తొలిసారి నాకే వచ్చింది. కొండ మెట్ల మీద సాక్షాత్తు స్వామే నన్ను టైమెంతని అడిగాడని చెప్పి నలుగురిని నమ్మించినవాణ్ని, ఇంటర్వ్యూ నాకొక లెక్కా?

రేణిగుంట స్టేషన్లోని ముసలి కూలీని ఎంచుకున్నాను. ఒకప్పుడు విలేకరి రోజూ సాయంత్రం తెచ్చే వార్తల కవరును మద్రాసు బండి గార్డుకు అందించేది ఈయనే. ఆయన నన్ను ఒక్కటే అడిగాడు.

"నా కత యెట్లన్నా రాసుకో అప్పా. మా ఆడమనిషిని మాత్రం ఇడిసిపెట్టొద్దు. పోయినాక సూసుకుందామంటే పోటో గూడా లేదు."

ఆయన భార్య బతికున్నన్నాళ్లూ రోజూ స్టేషనుకు ఆయనకు సంగటి తెచ్చేది. కవరు ఆలస్యమైతే, గిన్నెతో సహా వెళ్లి గార్డు పెట్టె మెట్టు మీద కూర్చునేదట.

"ఆ సారు సైకిలు తొక్కలేక సస్తా వస్తా ఉండాడు. అంతలోపల జెండా ఊపినావో, నేను ఈడ్నించి దిగేది లే!"

గార్డు నవ్వి జెండా దించేవాడట.

అదంతా రాశాను. చేతి దురద ఆగక, ముసలాయన వయసులో ఉన్నప్పుడు మామండూరు అడవిలో చిరుతపులిని తలగుడ్డతో కట్టేశాడని కూడా రాశాను. విశ్వవిద్యాలయం పెద్దలు చదివి నవ్వుకుని కొట్టేస్తారులే అనుకున్నాను.

వాళ్లు పులిని కొట్టెయ్యలేదు. "ఇదీ సాహసమంటే!" అన్నారు ఆచార్యులవారు. "ఈ ఆడమనిషి మాటకు మద్రాసు బండి ఆగడమేంటయ్యా? రాసినా నమ్మేవాళ్లుండొద్దా?"

"అదే నిజం సార్. పులే అబద్ధం."

గదిలో అందరూ పడిపడి నవ్వారు. నా సంగతి ఊరందరికీ తెలుసు. సాక్ష్యానికి పిలుద్దామంటే గార్డు లేడు, విలేకరీ లేడు. ఎర్ర సిరా గీతతో ఆమెను మొత్తం తీసేశారు.

అచ్చయిన పుస్తకం తీసుకెళ్లి, ప్లాట్‌ఫారం మీద కొళాయి పక్కన కూర్చుని ముసలాయనకు మొత్తం చదివి వినిపించాను. పులి దగ్గర బాగా నవ్వాడు.

"అయిపాయనా?"

"అయిపోయింది తాతా."

"మా ఆడమనిషి యాడ?"

ఏదో ఒకటి అల్లి చెప్పాలని నోరు తెరిచాను. చివరికి పుస్తకమే ఆయన ముందుకు చాపాను. ఆయన తీసుకున్నాడు. చదువు రాదు. కాగితాలు అంటుకుని వాటి మధ్య ఆమె ఇరుక్కుపోయిందేమో అన్నట్టు, ఒక్కొక్కటే వేలితో విడదీసి చూసుకుంటూ చివరిదాకా వెళ్లాడు. తర్వాత మూసి నా ఒళ్లో పెట్టాడు.

"నువ్వే పెట్టుకో అప్పా. పులి నీది గదా."