ఎనిమిది గంటల మాత్ర

దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే పిలిచినట్టుంటుంది. రానిదాన్ని పిలవడం నావల్ల కాదు.

మాది పాకాల. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని వరండాలో నిలబెట్టే రకం. పిల్లలు వెనకాల నన్ను గడియారం మేడమ్ అంటారని తెలుసు. తెలిసీ ఊరుకున్నాను, ఎందుకంటే లోపల్లోపల నాకు ఆ పేరు నచ్చింది.

దాన్ని ఇంటికి తెచ్చింది మా అమ్మాయి. తిరుపతిలో చదువుకునేది. ఒక శనివారం కూరగాయల సంచిలో పెట్టుకొచ్చి వంటింటి గడప మీద దించింది. గోధుమరంగు వీధికుక్క పిల్ల, ముందు కాలు ఒకటి మాత్రం తెలుపు. నేను పెద్ద రాద్ధాంతం చేశాను. "ఎవురు సూస్తారే దీన్ని? నువ్వు తిరపతిలో కూసోని ఉంటావు, నేను బడికి పోతాను, మీ జేజికి మోకాళ్లు పనిచెయ్యవు" అని గొంతు చించుకున్నాను. వారం తిరక్కుండానే అది నేను దిద్దుతున్న పేపర్ల మీద తల పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది. అది లేచేదాకా తర్వాతి పేపరు తియ్యకుండా కూర్చునేదాన్ని. మా ఆయన చూసి నవ్వేవాడు.

రెండేళ్ల తర్వాత దీపావళికి మా వీధిలో పెద్ద సరాలు కాల్చారు. అది మంచం కిందికి దూరింది. బయటికి లాగితే కాళ్లు కొట్టుకుంటూ, నోట్లో నురగతో పడిపోయింది. ఫిట్స్. మర్నాడే తిరుపతికి తీసుకుపోయాం. పశువుల డాక్టరు రోజూ రెండు మాత్రలు రాశాడు. పొద్దున ఎనిమిదికి ఒకటి, సాయంత్రం ఎనిమిదికి ఒకటి, బతికున్నన్నాళ్లూ.

"వేళ తప్పకూడదమ్మా" అన్నాడు. "ఒక పూట తప్పినా మళ్లీ వస్తాది. వస్తే గట్టిగా వస్తాది."

వేళ తప్పడమా? నాతోనా? ఆ మాటకు నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. మా అమ్మాయి అక్కడే బల్ల పక్కన నిలబడి నా ఫోన్లో రెండు అలారాలు పెట్టింది. పండగల్లో దాన్ని ఎలా చూసుకోవాలో డాక్టరు చెప్పినవన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. టపాసుల వేళకు ముందే లోపలి గదిలో పెట్టాలి. కిటికీలు మూసి రేడియో పెట్టాలి. చుట్టాలొచ్చినప్పుడు జనంలో వదలకూడదు. పాయసం, ద్రాక్షపండ్లు, కిస్మిస్ పెట్టకూడదు. నీళ్లు అందుబాటులో ఉంచాలి. ఎర్ర ఇంకుతో రాశాను, మార్కులు వేసినట్టు. మాత్ర సంగతి మాత్రం రాయలేదు. అది నాకు రాసుకోవలసిన సంగతి కాదనుకున్నాను.

మాత్ర వేయడం ఒక పెద్ద పని. పెరుగన్నం ముద్దలో పెట్టి ఇస్తే అన్నం తిని మాత్ర ఉమ్మేసేది, అంత గడుసుది. ముద్ద నోట్లో పెట్టి, వేలితో నాలుక వెనక్కి తోసి, మూతి మూసి పట్టుకుని గొంతు నిమరాలి. చెయ్యి మోచేతి దాకా చొంగ. దాదాపు ఏడాది పాటు ఒక్క పూట కూడా తప్పలేదు. ఈ మాట ఇప్పుడు గొప్పకు చెప్పుకోవడం లేదు.

మా ఇంట్లో పెరటాసిలో, అంటే దసరా దగ్గర్లో వచ్చే అరవ నెలలో, మూడో శనివారం తళిగ వేస్తారు. మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఇంటి మగవాళ్లు నామాలు పెట్టుకుని, నామం పెట్టిన చెంబు పట్టుకుని, గోవిందా అంటూ నాలుగిళ్లు తిరిగి బియ్యం అడుక్కొస్తారు. ఆ బియ్యం కలిపి పొంగలి వండాలి. బియ్యప్పిండి, బెల్లం కలిపి పిండిదీపాలు చెయ్యాలి. వండినవన్నీ ఆకులో వెంకటేశ్వరస్వామికి పెట్టి, గోవిందలు కొట్టి, ఆ తర్వాతే ఎవరైనా నోట్లో మెతుకు పెట్టుకునేది. వంట చేసే ఆడమనిషి తలకు పోసుకున్నాక మరిక దేన్నీ ముట్టుకోకూడదు.

చిత్తూరు నుంచి మా బావ, అంటే మా ఆయన అన్న, భార్యతో వస్తాడు. నా తోడికోడలు మంచిదే. నోరు మాత్రం మంచిది కాదు. అంతకుముందు ఏడాది ఆకు ముందు కూర్చుని, గుమ్మం దగ్గర పడుకున్న కుక్కను చూసి అంది, "కుక్క తిరిగే ఇంట్లో తళిగేంది మే, ఆ సామి వచ్చినా గడప దాటి లోపలికొస్తాడా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఏడాది పొడుగునా గొంతులో ఉండిపోయింది. ఈసారి ఎవరూ వేలు చూపించే పని ఉండకూడదని పంతం పట్టాను.

బడికి సెలవు పెట్టాను. ముందురోజే మేడ మీది గది తుడిచాను. తెల్లవారగానే కుక్కను పైకి తీసుకుపోయి పాత చీర పరిచాను. కిటికీలు మూసి, ఫ్యాను వేసి, రేడియో సన్నగా పెట్టాను. బరువైన గిన్నెలో నిండా నీళ్లు. కాగితంలో ఉన్నవన్నీ వరుసగా చేశాను. బయట గడియ పెట్టాను. అది తలుపు కింద సందులో ముక్కు పెట్టి ఒకసారి ఊదింది.

ఏడున్నరకు మా ఆయన వాళ్లన్న కోసం బస్టాండుకు బయల్దేరాడు. చెప్పులేసుకుంటూ, "మాత్ర ఏసిపోనా?" అన్నాడు.

"ఎనిమిదికి కదా. ఇంకా అరగంట ఉండాది. నేనేస్తాలే, నువ్వు పో" అన్నాను.

అరగంట ముందు వేస్తే ఏం పోయేది? ఎనిమిదంటే ఎనిమిదే అనుకునే నా బుద్ధి అది.

మాత్ర వేసి, ఆ తర్వాత తలకు పోసుకుందామని నా లెక్క. ఏడూ నలభైకి మా అత్త, అంటే అమ్మాయి జేజి, పూజగదిలోంచి కేక వేసింది. "అమ్మే, నీళ్లు కాగినాయి, బిన్నా పోసుకో. తొమ్మిదికి రాహుకాలం వస్తాది, ఆలోపల పొయ్యి ముట్టించల్ల."

పోయి పోసుకున్నాను. తల తుడుచుకుని తడి చీరతో వంటింట్లోకి వస్తుండగా గూట్లో ఫోను మోగింది. ఎనిమిది.

నా చేతులు చూసుకున్నాను. ఆ చేత్తో ఫోను ముట్టుకోకూడదు. కుక్కను ముట్టుకోకూడదు. దాని నోట్లో చెయ్యి పెట్టి మళ్లీ అదే చేత్తో దేవుడికి వండడమనే మాటే లేదు. ఫోను మోగుతూనే ఉంది.

"ఏందే అది, మోగతా ఉండాది?" అంది మా అత్త.

"బడి అలారం అత్తా" అన్నాను.

అబద్ధం ఎందుకు చెప్పాను? నిజం చెబితే ఆమె కుక్కను ఏమైనా అంటుందని. మాత్ర వెయ్యకపోతే మనసు ఒప్పుకోదు, వేస్తే మడి పోయిందంటుంది, ఎందుకొచ్చిన గొడవ అని. ఎనిమిదిన్నరకు వాళ్లొస్తారు, పదిన్నరకు తళిగ అయిపోతుంది, రెండున్నర గంటల్లో ఏమవుతుందిలే అనుకున్నాను. ఫోను పది నిమిషాలకోసారి మూడుసార్లు మోగి ఊరుకుంది.

వాళ్లెక్కిన బస్సు దారిలో ఆగిపోయింది. ఇంకో బస్సు దొరికి పాకాలలో దిగేసరికి పదకొండు దాటింది. అన్నదమ్ములిద్దరూ నామాలు పెట్టుకుని ఇళ్లు తిరిగి వచ్చేసరికి పన్నెండు. మా ఆయన చెంబు నాకు అందిస్తూ పైకి చూసి కళ్లతోనే అడిగాడు. నేను తల ఊపాను. అయిందనుకున్నాడు. కాసేపట్లో అవుతుందని నా ఊపు. ఆ మనిషి దగ్గర కూడా నోరు తెరవలేదు, పక్కన తోడికోడలు కొబ్బరికాయలు కడుగుతూ ఉంది.

పొంగలి దిగింది. వడలు, పులిహోర, గుగ్గిళ్లు, అన్నీ ఆకులోకి వచ్చాయి. పిండిదీపాలు వెలిగించాం. "ఇల్లు ఎంత సుద్ధంగా ఉండాదో సూడు" అంది తోడికోడలు. ఆ మాట కోసమే ఏడాదిగా కాచుకున్నాను. విని సంతోషపడ్డాను కూడా. అది దాచి లాభం లేదు.

గోవిందలు మొదలయ్యాయి. మూడోసారి గోవిందా అన్నప్పుడు పైన ఏదో పడింది. దబ్బుమని కాదు, వరుసగా, చెక్క మీద గుద్దినట్టు. మంచం మీది నుంచి దూకుతోందనుకున్నాను. కళ్లు మూసుకుని నేను కూడా గట్టిగా గోవిందా అన్నాను.

భోజనాలకు ఆకులు వేయకముందే ఒక గిన్నెలో పెరుగన్నం కలిపి, ముద్ద చేసి, మధ్యలో మాత్ర పెట్టి మేడెక్కాను. అప్పుడు ఒకటిన్నర. గడియ తీశాను. రేడియోలో ఎవరో నవ్వుతున్నారు. నీళ్ల గిన్నె బోర్లాపడి, చీరంతా తడిసి ఉంది. అది మంచానికీ గోడకూ మధ్య ఇరుక్కుని, ఆగకుండా కాళ్లు కొట్టుకుంటోంది. ఎంతసేపటి నుంచో. గోడకు రాసుకుని ఆ తెల్ల కాలు ఎర్రగా అయింది. ముద్ద ఎక్కడ జారిందో తెలియదు. ఒళ్లోకి లాక్కున్నాను. ఒళ్లు సలసలా కాలిపోతోంది. నా కేకకు అందరూ పైకొచ్చారు.

మా ఆయన దాన్ని ఎత్తుకుని ఆటోలో కూర్చున్నాడు. తిరుపతికి పోదామన్నాం. రైల్వే గేటు పడి ఉంది. ఆ గేటు దగ్గర, గూడ్సుబండి పోతూ ఉండగా, అది కొట్టుకోవడం ఆగింది. తగ్గిందనుకున్నాను. "తగ్గిందబ్బా, తగ్గింది" అన్నాను మా ఆయనతో. ఆయన దాని మూతి కింద చెయ్యి పెట్టి చూశాడు. గేటు లేచాక ఆటోను వెనక్కి తిప్పమన్నాడు. ఆయన నుదుటి మీది నామం చెమటకు కరిగి ముక్కు మీదికి వచ్చింది.

ఆ రోజు తిరుపతిలో పరీక్ష ఉన్న అమ్మాయి అది రాసి సాయంత్రానికి వచ్చింది. అప్పటికి పెరట్లో సీతాఫలం చెట్టు కింద గుంత తవ్వి ఉంది, అమ్మాయి కోసమే ఆగాం. అమ్మాయి మట్టి మీద కూర్చుని చాలాసేపు కుక్క తెల్ల కాలు పట్టుకుంది. తర్వాత నన్ను చూసి, "మాత్ర ఏసినావు కదమా?" అంది.

"ఏసినాను" అన్నాను.

"నాకు తెలుసు మా. నువ్వు తప్పవు" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆ రోజు నాకు పడిన దెబ్బల్లో అదే పెద్దది.

మర్నాడు చుట్టాలు వెళ్లిపోయాక మా అత్త నన్ను పిలిచి చెంగుముడి విప్పింది. అందులో ఎండిన మెతుకులు అంటుకున్న తెల్ల మాత్ర. మెట్ల మీద దొరికిందట.

"పొద్దున ఎయ్యలేదా?"

"మడిలో ఉండాను కదత్తా."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. మాత్రను అటూ ఇటూ తిప్పి చూసింది. "నన్నొక మాట అడగలేదే నువ్వు" అంది. "నోరులేనిదానికి మడేందమ్మే? ఏసేసి మళ్లీ తలకు పోసుకోనుంటే అయిపోయేది. నీళ్లు పొయ్యి మీదనే ఉన్నాయి కదా."

పాతికేళ్లుగా ఆ మనిషితో ఒకే వంటింట్లో ఉన్నాను. ఆమె ఏమంటుందో నాకంతా తెలుసనుకున్నాను.

అమ్మాయికి నెల తర్వాత ఫోన్లో నిజం చెప్పాను. "నువ్వా, మా?" అంది. అంతే. ఆ దీపావళికి ఇంటికి రాలేదు. ఇప్పుడు మాట్లాడుతుంది, వస్తుంది, పోతుంది. కుక్క మాట మాత్రం ఇద్దరం ఎత్తం. ఫ్రిజ్ మీది కాగితం అలాగే ఉంది. అలారం కూడా తీసెయ్యలేదు. రోజూ ఎనిమిదికి మోగుతుంది, రోజూ ఆపుతాను.

ఈ ఏడు పెరటాసి మూడో శనివారం కూడా తలకు పోసుకుని వంటింట్లోకి వచ్చాను. తోడికోడలు ఈసారి ముందురోజే వచ్చి కూరగాయలు తరుగుతోంది. గూట్లో ఫోను మోగింది. నేను పోయి, తడి చేత్తో దాన్ని తీసి ఆపి, చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. తోడికోడలు నోరు తెరవబోయింది. మా అత్త ఆమెను చూడకుండానే చెయ్యెత్తి ఆపింది.

"పోమ్మా, మళ్లీ పోసుకోపో" అంది నాతో. "నీళ్లుండాయి."

పోయాను. తలకు పోసుకుని, తుడుచుకుని, చీర మార్చుకుని వచ్చి గడియారం చూశాను. పది నిమిషాలు పట్టింది.